మావగారి గదిలో విమానాలు

ఇంటి పైకప్పు బాగు చేయిస్తున్నానని, నెల రోజులుండి వెళ్ళిపోతానని చెప్పి మా నాన్న ఆ ఎండాకాలం మొదట్లో మా ఇంటికి వచ్చాడు. బట్టలు ఒక చేతిసంచీలో వచ్చాయి. విమానాలు రెండు ఆటోల్లో వచ్చాయి.

ఆటోవాళ్ళు అట్టపెట్టెలు దించుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. అప్పుడే షాపు నుంచి వచ్చాను. కళ్ళజోళ్ళ షాపులో పొద్దుటి నుంచి నిలబడి ఉండటంతో కాళ్ళు లాగేస్తున్నాయి. చెప్పులు కూడా విప్పలేదు.

“నెల రోజులకి ఇవన్నీ ఎందుకు నాన్నా?”

“పైకప్పు తీసేస్తారు కదమ్మా. దుమ్ము పడుతుంది.”

“మంచం మీదా బీరువా మీదా పడదా దుమ్ము?”

“వాటి మీద పడితే తుడుచుకోవచ్చు” అన్నాడు నాన్న. అని, ఆటోవాడి చేతిలో ఒరిగిపోతున్న పెట్టె కిందికి రెండు చేతులూ పెట్టాడు, పసిపిల్లని అందుకున్నట్టు.

మా ఫ్లాటులో పడగ్గదులు రెండే. ఒకటి మాది, రెండోది మా మావగారిది. ఆయన కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలారు గానీ పద్ధతి వదల్లేదు. ఆ గదిలో రేడియో ఉండాల్సిన చోటే రేడియో ఉంటుంది, దువ్వెన ఉండాల్సిన చోటే దువ్వెన ఉంటుంది. మంచం మీది దుప్పటి మడతలు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. మా అత్తగారు పోయాక ఆ పద్ధతి ఇంకాస్త బిగుసుకుంది. అలాంటి గదిలో మా నాన్నకి మంచం వెయ్యాలి.

“రండి బావగారూ, రండి. ఇది మీ ఇల్లే అనుకోండి” అన్నారు మావగారు గుమ్మం దాకా ఎదురొచ్చి. పెట్టెలు ఒక్కొక్కటీ లోపలికి వస్తున్న కొద్దీ ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు ఆయన ముఖం మారుతూ వచ్చింది.

“వీటిల్లో ఏమున్నాయి బావగారూ?”

“విమానాలు బావగారూ.”

“అన్నిట్లోనూనా?”

“ఒకదాంట్లో రంగులున్నాయి.”

మా నాన్న షాపుల బోర్డులు రాసేవాడు. ఊళ్ళో సగం మెడికల్ షాపులు, బట్టల షాపులు ఆయన అక్షరాల కిందే తలుపులు తెరిచేవి. మిషన్ మీద బోర్డులు అచ్చేసే కాలం వచ్చాక ఆ పని పోయింది, చెయ్యి మాత్రం పోలేదు. విమాన టిక్కెట్లు అమ్మే షాపుకి ఒకసారి బోర్డు రాశాడట. వాళ్ళ అద్దాల కిటికీలో రెక్క విరిగిన మోడల్ విమానం ఒకటుంటే, పారేస్తామన్నారట. నాన్న ఇంటికి తెచ్చుకుని రెక్క అతికించి, పాత రంగు గీకేసి, అసలు దానికి ఏ రంగులుండాలో ఆ రంగులు వేశాడు. అక్కడ మొదలైంది ఆ జబ్బు. లోహంతో చేసిన అరచేతిలో పట్టేవి, చేతి పొడుగు ప్లాస్టిక్‌వి, తనే చెక్కతో చెక్కుకున్నవి. యుద్ధ విమానాలు మాత్రం ముట్టుకోడు. జనం ఎక్కేవే కావాలి. వాటి తోక మీద గుర్తు, పొట్ట మీద గీత, కిటికీల వరస, అన్నీ అచ్చం ఆకాశంలో వెళ్ళేదానికి ఉన్నట్టే ఉండాలి.

విమానాలు పేర్చుకునే అలమరా ఎక్కడ పెట్టాలన్న దాని మీద మొదటి పేచీ వచ్చింది. గోడకి మేకులు కొట్టడానికి వీల్లేదని మావగారు. మేకులు లేకపోతే అలమరా నిలబడదని నాన్న. చివరికి గోడకి ఆనించి, కింద అట్టముక్కలు దోపి నిలబెట్టారు. నేల మీద పలకల మధ్య గీత ఒకటుంది. దానికి ఇవతల మావగారిది, అవతల నాన్నది అని తేల్చుకున్నారు. ఇద్దరూ ఒకరినొకరు ‘బావగారూ’ అనుకుంటూ ఎంత మర్యాదగా మాట్లాడుకున్నారంటే, వింటున్న నాకు తలనొప్పి పట్టుకుంది.

నెల రోజులే కదా అని ఊరుకున్నాను.

పొద్దున్నే పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. సరిగ్గా అప్పుడే బాల్కనీలోంచి కేక వస్తుంది.

“అమ్మా, రా రా, తొందరగా రా.”

ఏదో అయిందని పరుగెత్తుకెళ్తే, మేడల మీదుగా ఎగిరిపోతున్న విమానం. “చూశావా, ఇంజన్ల వెనక అంచు రంపంలా ఉంది. కొత్తది. చప్పుడు విను, ఎంత మెత్తగా ఉందో.” మెత్తగా ఉన్న చప్పుడు విని వంటింట్లోకి వచ్చేసరికి పాలు పొయ్యి మీద నుంచి గట్టు మీదికి, గట్టు మీద నుంచి నేల మీదికి దిగి ఉండేవి.

షాపులో కళ్ళజోళ్ళ మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవర్లు నా సంచీలో ఉంటాయి. ఒక్కొక్కటే మాయమయ్యేవి. నా ముఖానికి పౌడరు రాసుకునే బ్రష్షు కనబడక ఇల్లంతా వెతికితే, దాంతో నాన్న రెక్కల మీద దుమ్ము దులుపుతున్నాడు. ఇంట్లో ఎటు తిరిగినా టర్పెంటైన్ వాసన. మావగారు ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పేపరు చదివేవారు. పేపరు చదవడానికి ముక్కుతో పనేముంది అని నాన్న నాతో అనేవాడు, ఆయనకి వినబడేలా.

“బావగారి బొమ్మలు ఇవాళ గీత దాటాయమ్మా” అని మావగారు నాకు ఫిర్యాదు.

“బొమ్మలు కావు, మోడళ్ళని చెప్పమ్మా” అని నాన్న జవాబు.

ఇక మా ఆయన. ఆయన పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. నాన్న వచ్చిన వారం నుంచీ ఆ ల్యాబులో ఎప్పుడూ లేనంత పని వచ్చిపడింది. ఊళ్ళో వాళ్ళందరికీ ఒక్కసారే పళ్ళూడిపోయాయా అని అడిగాను. “ఎండాకాలం కదా” అన్నాడు. ఎండలకీ పళ్ళకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు ఈ విమానాల మీద విసుగు కొత్తది కాదు. చిన్నప్పుడు ప్రతి ఆదివారం నాన్న నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని విమానాశ్రయం కంచె పక్కనున్న మట్టిదిబ్బ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. మా ఇంటి నుంచి నాలుగు వీధుల దూరం. విమానం దిగేటప్పుడు దాని తోక దగ్గర రాసున్న అక్షరాలు చదివి చెప్పడం నా పని. నా కళ్ళు మంచివట. ఎండ మాడిపోయేది. నీళ్ళసీసాలో నీళ్ళు వేడెక్కిపోయేవి. స్నేహితులంతా సినిమాకి వెళ్తే నేను కంచె పట్టుకుని అక్షరాలు చదివేదాన్ని. ఇంటికెళ్దాం నాన్నా అంటే, పెద్దది ఒకటి రావాలి, అది చూసి వెళ్దాం అనేవాడు. ఆ పెద్దది ఏనాడూ టైముకి రాలేదు. వచ్చినప్పుడు మాత్రం దాని నీడ మా ఇద్దరి మీదుగా వెళ్ళేది. ఆ ఒక్క క్షణం చల్లగా ఉండేది.

ఒకసారి అడిగాను, “నాన్నా, మనం ఎప్పుడు ఎక్కుతాం?” అని.

నాన్న నా వంక వింతగా చూశాడు. “ఎక్కితే విమానం కనబడదు కదమ్మా” అన్నాడు.

ఇలాంటి మనిషితో ఎవరైనా ఏం వాదిస్తారు?

నెల దాటింది. ఎండలు ముదిరాయి. పైకప్పు సంగతి అడిగితే, కర్ర దొరకడం లేదన్నాడు. ఇంకో వారం పోయాక అడిగితే, మేస్త్రీకి జ్వరమన్నాడు. విచిత్రమేమిటంటే, అన్ని రోజుల్లో ఒక్క ఆదివారం కూడా కంచె దగ్గరికి వెళ్తానని అనలేదు. ఎండకి భయపడ్డాడు కాబోలు, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది అనుకున్నాను.

అసలు గొడవ ఒక మధ్యాహ్నం జరిగింది. కరెంటు పోయింది. నాన్న దగ్గరున్న వాటిల్లోకెల్లా పెద్దది, ముందు భాగం రెండంతస్తులుండే నాలుగింజన్ల జంబో. దానికి కొత్తగా రంగు వేసి, గాలి తగిలే చోటు చూసి ఆరబెట్టాడు. గాలి తగిలే చోటు కిటికీ పక్కన మావగారి కుర్చీ. మావగారు స్నానం చేసి వచ్చి, ఎప్పట్లాగే కుర్చీ వైపు చూడకుండా కుర్చీలో కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా అందులో ఆయన తప్ప ఇంకేదీ ఉండి ఎరగదు.

నేను వెళ్ళేసరికి నాన్న నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. తోక ఒక చేతిలో, విమానం ఒక చేతిలో. మావగారి తెల్ల పంచె వెనక భాగాన నీలం గీత, ఎర్ర గీత స్పష్టంగా దిగాయి.

“కూర్చునే ముందు చూసుకోవాలి బావగారూ.”

“నా కుర్చీలో నేనుంటాను బావగారూ. విమానం ఎందుకుంటుంది?”

“ఆరడానికి పెట్టాను.”

“మీ వైపు ఆరబెట్టుకోండి.”

“మా వైపు గాలి రాదు. గాలి వచ్చే వైపు మీరు తీసుకున్నారు.”

“నేను తీసుకోలేదు. ఆ వైపు నేను ముందు నుంచీ ఉన్నాను.”

ఆ మాట తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. మానేశారంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉందని కాదు. ఇద్దరి మాటలూ నా మీదుగా నడిచాయి. రెండు మంచాల మధ్య చెయ్యి చాపితే తగిలేంత దూరం. అయినా వంటింట్లో ఉన్న నన్ను పిలిచేవారు.

“అమ్మాయ్, ఫ్యాను కాస్త తగ్గించమని మీ నాన్నగారితో చెప్పు.”

“నాకు ఉక్కగా ఉందని మీ మావగారితో చెప్పమ్మా.”

నేను తడిచేతులతో వచ్చి, ఫ్యాను నడిమధ్య నంబరులో పెట్టి వెళ్ళేదాన్ని. ఇద్దరికీ నచ్చేది కాదు.

మా ఆయన జాలిపడి ఆ జంబోని ల్యాబుకి తీసుకెళ్ళాడు. రెండు రోజుల తర్వాత తెచ్చాడు. తోక గట్టిగా అతుక్కుంది. అతికిన చోట మాత్రం పళ్ళసెట్టు చిగుళ్ళకి వాడే గులాబీరంగు మెరుస్తోంది.

“చాలా గట్టి సరుకు మావయ్యగారూ. ఏళ్ళ తరబడి నమిలినా ఊడదు” అన్నాడు.

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “థాంక్స్ అల్లుడుగారూ” అన్నాడు. అని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ సాయంత్రం ఏమీ తినలేదు. ఒక బొమ్మ కోసం ఇంత రాద్ధాంతమా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆ మేస్త్రీ ఫోన్ నంబరివ్వు నాన్నా. నేను మాట్లాడతాను.”

“అతనికి ఫోను లేదమ్మా.”

“ఈ రోజుల్లో ఫోను లేని మేస్త్రీ ఎక్కడ దొరికాడు నీకు?”

నాన్న కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు.

మర్నాడు షాపులో సగం రోజు సెలవు పెట్టాను. నేనే వెళ్ళి, మేస్త్రీని పట్టుకుని, అక్కడే నిలబడి పని చేయించాలనుకున్నాను. బస్సులో దారి పొడుగునా అతన్ని తిట్టాల్సిన తిట్లు వరసగా పేర్చుకున్నాను.

మా వీధి మొదట్లో దిగి నాలుగడుగులు వేశాక, తప్పు స్టాపులో దిగానేమో అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. పిండిమర అక్కడే ఉంది. దాని ముందు ఎప్పుడూ ఉండే గుంతా అక్కడే ఉంది. కుడివైపు ఇళ్ళన్నీ ఉన్నాయి. ఎడమవైపు ఏమీ లేదు. మలుపు నుంచి మురుక్కాలవ దాకా చదునుగా నేల. ఆ వైపు ఆకాశం ఎక్కువగా కనబడుతోంది, పన్నూడిన చోటులా. ఆ నేల మధ్యలోంచి ఇనప స్తంభాలు వరసగా, ఒకదాని వెనక ఒకటి, రన్‌వే వైపు వెళ్తున్నాయి. పనివాళ్ళు ఒక స్తంభం కింద సిమెంటు పోస్తున్నారు. మా వాకిలి దగ్గరి కుళాయి గొట్టం ఒక్కటే నిలబడి ఉంది, తిప్పే పిడి లేకుండా.

ఎదురింట్లో బట్టలు కుట్టే పిన్ని ఉండేది. సొంత పిన్ని కాదు, నేను పుట్టినప్పటి నుంచి ఎదురిల్లు, అంతే. మెడలో టేపుతో బయటికి వచ్చింది.

“ఎండలో నిలబడ్డావేమ్మా, లోపలికి రా.”

“పిన్నీ, మా ఇల్లేది?”

పిన్ని నా ముఖంలోకి చూసింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చోబెట్టింది.

“మీ నాన్న నీకు చెప్పలేదా?”

దిగే విమానాలకి దారి చూపించే లైట్లు పెట్టాలట. అందుకు ఎడమవైపు వరస మొత్తం కావాల్సివచ్చిందట. నిరుడే చెప్పారట. వీధివాళ్ళంతా ఆఫీసుల చుట్టూ తిరిగారు, అరిచారు, రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. మా నాన్న కూడా వెళ్ళి కూర్చున్నాడట.

“కూర్చుంటే కొందరు నవ్వారమ్మా. నీకేమయ్యా, విమానాలంటే ప్రాణం కదా, నీ ఇంటి మీదికే వస్తున్నాయి అన్నారు. మీ నాన్న తిరిగి ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి కూర్చోవడానికి రాలేదు.”

పిన్ని ఇంట్లో, కుట్టుమిషన్ వెనక, మా బీరువా ఉంది. తలుపు మూలన చిన్నప్పుడు నేను మేకుతో గీసిన గీతలు అలాగే ఉన్నాయి. నేను అటు చూడటం చూసి పిన్ని ఇబ్బందిపడింది.

“వద్దంటే వినలేదమ్మా. మంచం ఇంకెవరికో ఇచ్చేశాడు. నీకు కావాలంటే బండి పెట్టించి పంపిస్తాను.”

“వద్దు పిన్నీ. ఉండనీ.”

“కూలగొట్టిన రోజు నువ్వు కూర్చున్న ఈ స్టూలు మీదే కూర్చున్నాడు. బయట, అరుగు మీద వేసుకుని. కూలగొట్టే మిషను మీ వంటింటి గోడ మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే ఒక విమానం దిగుతోంది. మీ నాన్న గోడ చూడలేదు. తలెత్తి విమానాన్ని చూశాడు. నాకు ఒళ్ళు మండిందమ్మా. అక్కడ ఇల్లు పోతుంటే ఎటు చూస్తున్నావయ్యా అని అడిగేశాను.”

“ఏమన్నాడు?”

“దీనికి కొత్త రంగులు వేశారు అన్నాడు. తర్వాత మంచినీళ్ళడిగాడు. గ్లాసు ఇస్తే పట్టుకోలేకపోయాడు. నేనే తాగించాను.”

తిరుగు బస్సులో నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నేను పుట్టి పెరిగిన ఇల్లు. మా అమ్మ ఆఖరి రోజులు గడిచిన ఇల్లు. అది పోతుంటే ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? కర్ర దొరకలేదట. మేస్త్రీకి జ్వరమట. ఇంటికి వెళ్ళగానే ఏమనాలో, దాని తర్వాత ఏమనాలో అన్నీ అనుకుంటూనే ఉన్నాను. మా స్టాపు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచి రావాల్సివచ్చింది.

ఇంట్లో నాన్న లేడు. కొత్త బ్రష్షు కొనుక్కోవడానికి కిందికి వెళ్ళాడట. మావగారు ముందుగదిలో పేపరు చదువుతున్నారు. నాకు ఆగలేదు.

“మావయ్యగారూ, మా నాన్న ఇల్లు లేదు. కూలగొట్టేశారు.”

మావగారు పేపరు దించారు. కళ్ళజోడు తీసి, కండువాతో తుడిచారు. ఆశ్చర్యం మాత్రం ఆ ముఖంలో లేదు.

“మీకు తెలుసా?”

“మీ నాన్నగారు వచ్చిన రెండో రోజే చెప్పారమ్మా. నువ్వూ వాడూ పనికి వెళ్ళాక, నా ఎదురుగా కూర్చుని చెప్పారు. ఇక్కడ ఉండొచ్చా అని నన్ను అడిగారు.”

“మిమ్మల్ని అడిగారా?”

“గది నాది కదా. ఉండండి అన్నాను. అమ్మాయికి చెప్పండి అని కూడా అన్నాను. పైకప్పు కోసం వచ్చినవాడు చుట్టం, ఇల్లు లేక వచ్చినవాడు వేరు అన్నారు. ఆ తేడా ఏమీ లేదని నేను చెప్పాను. ఆయనకి ఉంది. చెప్పొద్దని మాట తీసుకున్నారు.”

“మరి అన్నీ తెలిసీ రోజూ ఆ పోట్లాటలేమిటి? అలమరా, గీత, కుర్చీ?”

“అది వేరే సంగతి” అన్నారు మావగారు కళ్ళజోడు పెట్టుకుంటూ. “కుర్చీ విషయంలో నా అభిప్రాయం మారలేదు.”

మళ్ళీ పేపరు ఎత్తారు. అంతలో తలుపు తీసుకుని నాన్న లోపలికి వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన బ్రష్షు, చొక్కా వీపున చెమట.

“ఏమ్మా, ఇవాళ తొందరగా వచ్చావు?”

“అటు వెళ్ళాను నాన్నా. మేస్త్రీతో మాట్లాడదామని.”

నాన్న చెప్పులు విప్పుతున్నాడు. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో ఉండిపోయాయి. మావగారి పేపరు చప్పుడు కూడా ఆగింది. బస్సులో అనుకున్న మాటలన్నీ నోటి దాకా ఉన్నాయి. నాన్న వంగే ఉన్నాడు. మెడ వెనక ఎండకి కమిలిన చర్మం, దాని మీద బోర్డుల కాలం నాటి ఏదో తెల్లరంగు చుక్క, కడిగితే పోనిది.

“ఏమన్నాడు?” అన్నాడు నేల వైపు చూస్తూ.

“పని చాలా ఉందట నాన్నా. ఇప్పట్లో అయ్యేది కాదట.”

“అలాగా.”

“వర్షాలు కూడా వచ్చేస్తున్నాయి కదా. ఎప్పటికవుతుందో చెప్పలేనన్నాడు. అందాకా నువ్విక్కడే ఉండాలి మరి.”

నాన్న రెండో చెప్పు విప్పి, రెండూ గోడ పక్కన సరిగ్గా జతచేసి పెట్టాడు. చాలాసేపు పట్టింది దానికి.

“ఉంటాలే” అన్నాడు. అని, నా వంక చూడకుండా గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి వంటింట్లోకి వచ్చి నా స్క్రూడ్రైవర్లన్నీ గట్టు మీద పెట్టి వెళ్ళాడు. అందులో రెండు నావి కావు.

ఆ సాయంత్రం మా ఆయనకి సంగతంతా చెప్పాను. మర్నాడు ఓవర్‌టైము లేకుండా, వెంట వడ్రంగిని తీసుకుని వచ్చాడు. ఆ గది గోడకి మేకులు కొట్టడానికి మావగారు అప్పుడూ ఒప్పుకోలేదు. ముందుగది గోడకి కొట్టించాం. ఇంట్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఇన్ని విమానాలేమిటండీ అని అడగడం, నాన్న చెప్పడం మొదలుపెట్టడం, వచ్చినవాళ్ళు వచ్చిన పని మర్చిపోవడం, ఇవన్నీ అప్పటి నుంచి నా ఖర్మ.

వానలు పడ్డాయి. మావగారూ నాన్నా మాట్లాడుకోవడం మళ్ళీ మొదలుపెట్టారు. ఎలా కలిశారో నేను చూడలేదు. షాపు నుంచి వచ్చేసరికి కిటికీ రెక్క మూయాలా వద్దా అని నేరుగా వాదించుకుంటున్నారు. నన్ను పిలవలేదు. అదే పదివేలు.

అప్పుడే ఒకరోజు మావగారు వీధి తలుపు పక్కనున్న నేమ్‌బోర్డు ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టారు. పాతది, వెలిసిపోయింది. మీద ఆయన పేరు, కింద మా ఆయన పేరు.

“బావగారూ, ఇది కొత్తగా రాస్తారా?”

“రాస్తాను బావగారూ.”

పది నిమిషాల పని అనుకున్నాను. రోజులు పట్టింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ ఒకేలా ఉండాలని మావగారు. ఇది టైపు మిషను కాదని, ‘ళ’కీ ‘గ’కీ ఒకే చోటిస్తే చూసేవాడి కంటికి వంకరగా కనబడుతుందని నాన్న. కోర్టు కాగితాల్లో ఎవరికీ వంకరగా కనబడలేదని మావగారు. కోర్టు కాగితాలు రోడ్డు మీద నుంచి ఎవరు చదువుతారని నాన్న. నేను చెవుల్లో దూది పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న బ్రష్షు కింద పెట్టాడు. మేమంతా వెళ్ళి చూశాం. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు, తడిగా మెరుస్తున్నాయి. పైన మావగారి పేరు. దాని కింద మా ఆయన పేరు. దాని కింద నా పేరు. పాత బోర్డు మీద నా పేరు లేదు. అది లేదని నాకెప్పుడూ తోచలేదు కూడా.

మావగారు కళ్ళజోడు సర్దుకుని, తప్పులు దిద్దేటప్పుడు చదివినట్టు పై నుంచి కిందికి నెమ్మదిగా చదివారు.

“ఒక పేరు పోయింది బావగారూ.”

“ఏదీ?” నాన్న కంగారుగా వంగాడు. “ముగ్గురూ ఉన్నారుగా.”

“ఇంట్లో నలుగురున్నాం.”

నాన్న నిటారుగా నిలబడ్డాడు. బ్రష్షు తుడిచిన గుడ్డని చేతిలోకి తీసుకున్నాడు.

“నాదెందుకు బావగారూ. పైకప్పు...” అని ఆగాడు. బయట వాన పడుతోంది. మా ఆయన కిటికీలోంచి వానని చూశాడు. నేను అక్షరాల వైపు చూశాను. ఎవరూ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

“చోటు లేదు” అన్నాడు నాన్న చివరికి.

నిజంగానే లేదు. మూడు పేర్లూ బోర్డు నిండా ఒత్తుగా, అందంగా కుదిరాయి. కింద చిటికెనవేలు పట్టే జాగా కూడా లేదు.

మావగారు బోర్డు వైపు ఇంకాసేపు చూశారు.

“అయితే మొత్తం తుడిచేసి మళ్ళీ రాయండి. నా పేరు చిన్నది చెయ్యండి.”

“ఎంత చిన్నది?”

“నలుగురం పట్టేంత.”

నాన్న టర్పెంటైన్ సీసా మూత తీసి గుడ్డ తడిపాడు. ఇన్నాళ్ళు కొట్లాడి రాసిన అక్షరాలు పై వరస నుంచి ఒక్కొక్కటే నీలంలో కలిసిపోయాయి. ఆ వాసన ఇల్లంతా నిండిపోయింది. నేను విసుక్కుంటూ వెళ్ళి, వాన జల్లు లోపలికి కొడుతున్నా లెక్కచెయ్యకుండా, ఉన్న కిటికీలన్నీ తెరిచాను.